జవాబు మాస్టారు ముందే చెప్పేయకపోతే

తోటి ఉపాధ్యాయులందరికీ నమస్కారం.

మనందరి ఫోన్లలో కనీసం ఒక క్లాసు గ్రూపు ఉంటుంది. 2020లో కరోనాకి బళ్లు మూసినప్పుడు పెట్టినవే చాలావరకు. ఒకసారి తెరిచి చూడండి. రేపు సెలవు, హోంవర్క్ ఫొటో, దాని కింద వరసగా ‘ఓకే సార్’లు. అది నోటీసు బోర్డు. పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మెసేజ్ ఒక్కటీ కనిపించదు.

నేను కోనసీమలో భౌతికశాస్త్రం చెబుతాను. నా స్నేహితుడు అనంతపురం జిల్లాలో చెబుతాడు. బాష్పీభవనం పాఠానికి మా ఇద్దరి తొమ్మిదో తరగతులనూ ఒకే వాట్సాప్ గ్రూపులో పెట్టాం. ప్రశ్న ఒక్కటే: కుండలో నీళ్లు బయటి గాలికంటే ఎన్ని డిగ్రీలు చల్లగా ఉన్నాయి?

మధ్యాహ్నం రెండింటికి రెండుచోట్లా థర్మామీటరు పెట్టారు. మా తేడా నాలుగు డిగ్రీలు. వాళ్లది దానికి రెట్టింపు పైనే. మావాళ్లు ఒప్పుకోలేదు, ‘మీ థర్మామీటరు పాడైంది’ అన్నారు. వాళ్లు ఫొటో పెట్టి, ‘మీది పాత కుండేమో, రంధ్రాలు పూడిపోయుంటాయి’ అన్నారు. మావాళ్లు కొత్త కుండ తెచ్చి మళ్లీ కొలిచారు. తేడా పెద్దగా మారలేదు. నేను జవాబు టైప్ చేశాను, పంపకుండా చెరిపేశాను.

మూడో రోజు రాత్రి, క్లాసులో నోరు విప్పని ఒక అమ్మాయి వాయిస్ మెసేజ్ పెట్టింది. ‘మా ఇంట్లో పొద్దున ఆరేసిన దుప్పటి అంచులు సాయంత్రానికీ చెమ్మగానే ఉన్నాయి. మీకు ఎంతసేపట్లో ఆరుతుంది?’ అటునుంచి ఒక అబ్బాయి: ‘పగలు బువ్వ తినేలోపే ఆరిపోతాది.’ గాలిలో తేమ ఎక్కువుంటే నీరు నెమ్మదిగా ఆవిరవుతుందని నేను ఏటా చదివిస్తూనే ఉన్నాను. ఆ అమ్మాయికి అది పెరట్లో దండెం మీద దొరికింది.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990ల మొదట్లోనే ఇలాంటి పద్ధతి తెచ్చారు. ముందు ఎవరి జవాబు వాళ్లు చెప్పాలి, తర్వాత పక్కవాళ్లతో వాదించాలి, మళ్లీ జవాబు చెప్పాలి. ఇందులో మొదటి మెట్టు చాలా ముఖ్యం. వాట్సాప్ పోల్ పెడితే ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనిపిస్తుంది. ఫస్ట్ ర్యాంకు పిల్లవాడు ఎటు నొక్కితే మిగతావాళ్లూ అటే నొక్కారు. అందుకని జవాబులు మొదట నాకు విడిగా పంపమంటున్నాను, తర్వాతే చర్చ.

ఫోను నాన్నది. ఆయన పని నుంచి వచ్చాకే పిల్లల చేతికొస్తుంది. కాబట్టి ప్రశ్నను కనీసం మూడు రోజులు ఉంచండి. ఫోను లేని పిల్లలను నలుగురి జట్టులో కలపండి, మెసేజ్ జట్టు పేరుతో పెట్టించండి. ఆడపిల్లల తల్లుల టెన్షన్ కూడా సబబే, గ్రూపులో నంబర్లు అందరికీ కనిపిస్తాయి. ఒక తల్లి అడిగాక మేము ఆ ఉమ్మడి గ్రూపు తీసేశాం. ఇప్పుడు రెండు బళ్ల మధ్య మెసేజ్‌లు మా ఇద్దరి ఫోన్ల ద్వారానే వెళ్తాయి. కాస్త శ్రమే, కానీ అలాగే చేయాలి.

ఈసారి కుండ ప్రయోగానికి మూడో బడి కావాలి, కొండ ప్రాంతంలోది. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చినవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి.