కొండ మీద కొట్లాట

శ్రోతలకు నమస్కారం. ఈ పూట నాకెంతో ఇష్టమైన ఒక ఫ్రెంచి సినిమా గురించి చెబుతాను. ఇంగ్లిష్‌లో దాని పేరు 'బీయింగ్ 17'. 2016లో వచ్చింది. తీసినాయన ఆంద్రే టెషినే. అప్పటికే ఆయనకు 70 దాటాయి. ఆయనతో కలిసి కథ రాసిన సెలీన్ సియామా ఆయనకంటే 35 ఏళ్లు చిన్న. వయసుల్లో అంత తేడా ఉన్న ఇద్దరు కూర్చుని పదిహేడేళ్ల పిల్లల గురించి ఇంత దగ్గరగా ఎలా రాశారో అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కథ జరిగేది ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దులోని పిరెనీస్ కొండల్లో. డామియన్, టామ్ ఒకే క్లాసులో చదివే అబ్బాయిలు. డామియన్ వాళ్లమ్మ మరియాన్ డాక్టరు. నాన్న సైన్యంలో పైలట్, ఇంటిపట్టున ఉండడు. టామ్ పెంపుడు బిడ్డ. పైన కొండ మీద పశువులు, పాక, వాళ్ల ఇల్లు. మంచులో నడిచి, బస్సెక్కి బడికి వస్తాడు.

ఒకరోజు క్లాసులో డామియన్ నడిచి వెళుతుంటే టామ్ కాలు అడ్డం పెడతాడు. డామియన్ పడిపోతాడు. ఎందుకు పెట్టాడు? సినిమా చెప్పదు. టామ్‌ని అడిగినా చెప్పలేడు. అక్కణ్ణుంచి కొట్లాటలే.

ఇంతలో టామ్‌ని పెంచిన తల్లికి జబ్బు చేస్తుంది. ఆమె గర్భవతి. వైద్యం చేయడానికి వెళ్లిన మరియాన్, ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ టామ్‌ని తమ ఇంట్లోనే ఉండి చదువుకోమంటుంది. కొట్టినవాడూ, దెబ్బలు తిన్నవాడూ ఒకే బల్ల దగ్గర భోంచేయాలి. తప్పెవరిదని పంచాయితీ పెట్టకుండా కంచం పెట్టిన ఆ తల్లి అంటే నాకు చాలా గౌరవం.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న ఘట్టం. ఈ గొడవ బడిలో కాదు, ఎవరూ లేనిచోట తేల్చుకుందామని ఇద్దరూ కొండెక్కుతారు. కలబడతారు. వాన ముంచుకొస్తుంది. ఇక కొట్టుకోవడం కుదరదు. ఇద్దరూ ఒకే రాతి నీడన తలదాచుకోవాలి. వాన వెలిశాక టామ్ బట్టలు విప్పేసి, ఎముకలు కొరికే చలిలో, కొండ మీది చెరువులో దూకేస్తాడు. డామియన్ చూస్తూ ఉండిపోతాడు. అప్పుడే ప్రేమ పుట్టిందని నేననుకోను. ఎప్పుడో పుట్టింది. అప్పుడు వాడికి తెలిసింది, అంతే.

తర్వాత ఒకసారి టామ్‌తో అనేస్తాడు: నాకు మగపిల్లలంటే ఇష్టమా, లేక నువ్వంటేనే ఇష్టమా, అది తెలుసుకోవాలి, అని. ఎంత ధైర్యం కావాలండీ ఆ మాటకి! తిరిగి ఏం వస్తుందో తెలియదు. దెబ్బే రావచ్చు. టామ్ ఒక పట్టాన ఒప్పుకోడు కూడా. వాడి భయాలు వాడివి: ఇంట్లో అమ్మకు సొంత బిడ్డ పుట్టబోతోంది, ఆ తర్వాత తన చోటెక్కడ? వాడి కోపంలో ఈ దిగులూ ఉందని నాకు రెండోసారి చూసినప్పుడు తోచింది.

చలికాలంలో మొదలై ఎండాకాలానికి ముగుస్తుంది సినిమా. ఆ ముగింపు చెప్పను, చూడండి. చూసేటప్పుడు మాత్రం ఒక్క పని చేయండి. మొదటి అరగంట ఎవరిది తప్పు అని వెతక్కండి. వాళ్ల చేతులు చూడండి. కొట్టే చేతులు, కట్టు కట్టే చేతులు, పశువుల్ని నిమిరే చేతులు. మాటల్లో లేనిదంతా అక్కడే ఉంది. ప్రేమ దృశ్యాలు దాపరికం లేకుండా తీశారు కాబట్టి, చిన్నపిల్లలు నిద్రపోయాక పెట్టుకోండి.