58 వేల పేర్లు ఏ వరుసలో చెక్కాలి?

[తెర మీద: నల్ల గ్రానైట్, బాగా దగ్గరగా. ఒక వేలు అక్షరాల మీదుగా మెల్లగా కదులుతోంది.]

మీకో పని అప్పజెప్పారనుకుందాం. 58 వేల పైచిలుకు పేర్లున్న జాబితా చేతిలో పెట్టారు. అందరూ ఒకే యుద్ధంలో పోయినవాళ్ళు, లేదంటే ఆచూకీ లేకుండా పోయినవాళ్ళు. ఈ పేర్లన్నీ రాతి మీద చెక్కించాలి. ఏ వరుసలో చెక్కిస్తారు?

అక్షర క్రమంలో, ఇంకెలా అంటారు. వెతుక్కోవడం సులువు కదా. నేనైనా అదే అనేవాడిని. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం కట్టేటప్పుడు కొందరు మాజీ సైనికులు కోరింది కూడా అదే. కాదన్నది 21 ఏళ్ళ ఆర్కిటెక్చర్ విద్యార్థిని, మాయా లిన్.

[తెర మీద: పచ్చిక మైదానం, పైనుంచి. నేలను కోసినట్టు రెండు నల్లటి గోడలు.]

కథ 1979లో మొదలైంది. ఆ యుద్ధంలో గాయపడి తిరిగొచ్చిన జాన్ స్క్రగ్స్ అనే మామూలు సైనికుడు, పోయినవాళ్ళందరి పేర్లతో ఒక స్మారకం కట్టాలని చందాలకు బయల్దేరాడు. మొదట్లో వచ్చిన మొత్తం 144 డాలర్ల 50 సెంట్లు. టీవీలో నవ్వుకున్నారు కూడా. చివరికి ప్రభుత్వం స్థలం ఇచ్చింది, కట్టడానికి అయిన 84 లక్షల డాలర్లు మాత్రం జనం చందాలే.

డిజైన్ కోసం పోటీ పెట్టారు. షరతుల్లో రెండు ముఖ్యం: అందరి పేర్లూ ఉండాలి, యుద్ధం తప్పా ఒప్పా అన్న మాటే రాకూడదు. 1,421 డిజైన్లు వచ్చాయి. పేర్లు తీసేసి నంబర్లు మాత్రమే ఉంచి, వాటిని ఒక విమానాల షెడ్డులో వరుసగా వేలాడదీసి జడ్జీలకు చూపించారు. గెలిచింది 1026. అది యేల్ యూనివర్సిటీలో మాయా లిన్ క్లాసు కోసం చేసిన పని. క్లాసులో దానికి వచ్చింది బీ గ్రేడే! ఆ గ్రేడు వేసిన ప్రొఫెసర్ కూడా పోటీకి డిజైన్ పంపారట.

ఇక అసలు సంగతి. మాయా లిన్ కోరిన వరుస తేదీల వరుస. ఎవరు ఏ రోజు పోయారో ఆ క్రమంలో. దీనికి అభ్యంతరాలు వస్తే, రక్షణ శాఖ జాబితా తెప్పించి చూశారు. స్మిత్‌లే 600 మందికి పైగా తేలారు. జేమ్స్ జోన్స్‌లు 16 మంది. మన ఓటర్ల జాబితాలో వెంకటేశ్వర్లు ఎంతమంది ఉంటారో గుర్తు తెచ్చుకోండి, అలాగన్నమాట. ఒక తల్లి అంత దూరం వచ్చి, ఈ పదహారు మందిలో మావాడెవడు అని వెతుక్కోవాలా? అక్షర క్రమం పెడితే అది స్మారకంలా కాదు, టెలిఫోన్ డైరెక్టరీలా ఉంటుందని తేలిపోయింది.

తేదీల వరుసలో ఒకే రోజు, ఒకే చోట పోయినవాళ్ళ పేర్లు పక్కపక్కనే పడతాయి. బతికి వచ్చిన స్నేహితుడు ఆ తేదీ దగ్గరికి వెళ్తే తన జట్టంతా అక్కడే ఉంటుంది. హోదాలు రాయలేదు. ఆఫీసరైనా సిపాయైనా పేరొక్కటే.

[తెర మీద: గోడ బొమ్మ. బాణం మధ్య నుంచి కుడికి, మళ్ళీ ఎడమ చివర నుంచి మధ్యకు.]

ఈ వరుస ఎడమ చివర మొదలవ్వదు. రెండు గోడలు కలిసే మూలలో, కుడి గోడ పైన 1959 ఉంటుంది. అక్కడి నుంచి కుడి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ ఎడమ చివర అందుకుని మూలకు వస్తుంది. ఎడమ గోడ అడుగున 1975. అంటే మొదటి పేర్లు, చివరి పేర్లు ఒకే మూలలో కలుస్తాయి. ఆ మూలలో గోడ ఎత్తు 3 మీటర్లకు కాస్త పైన. చివర్లలో జానెడే. చిన్న పలకల మీద ఒక్క వరుస పేర్లుంటే, పెద్ద పలకల మీద 137 వరుసలు. మెల్లగా పల్లంలోకి దిగుతూ నడుస్తుంటే పేర్లు మోకాలి దాకా, భుజం దాకా, తల దాటి వస్తాయి.

రాయి ఎక్కడిదో తెలుసా? బెంగళూరుది. మంచి నల్ల గ్రానైట్ కెనడా, స్వీడన్‌లలో దొరికేది. కానీ యుద్ధానికి వెళ్ళడం ఇష్టంలేక యువకులు పారిపోయింది ఆ దేశాలకే, అక్కడి రాయి వద్దన్నారు మాజీ సైనికులు. అద్దంలా పాలిష్ పట్టడంతో పేరు చదివేవాళ్ళకు తమ ముఖమూ కనిపిస్తుంది. ఉలితో చెక్కితే ఎన్నేళ్ళు పట్టేదో, అందుకే స్టెన్సిల్ వేసి, రజను వేగంగా చిమ్మి అక్షరాలు దింపారు. ఎత్తు సెంటీమీటరున్నర కన్నా తక్కువ. దగ్గరికి వెళ్తే తప్ప చదవలేం. కావాలనే అలా చేశారు.

చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాళ్ళం కదా, బొమ్మ పైకి తేలేది. ఇక్కడా అదే పని. గోడ మీద కాగితం ఆనించి రుద్దుకుని పేరును ఇంటికి తీసుకెళ్తారు. మరి తేదీ తెలియనివాళ్ళు ఎలా వెతకాలి? అక్కడ అక్షర క్రమంలో ఉన్న పుస్తకం ఉంటుంది. పేరు చూస్తే పలక నంబరు, వరుస నంబరు దొరుకుతాయి. అక్షర క్రమం కాగితం మీద, తేదీల క్రమం రాతి మీద. ఇంతకన్నా తెలివైన రాజీ నేను చూడలేదు.

గొడవలు జరగలేదని కాదు. నలుపేమిటి, నేలలోకి దిగడమేమిటి, విగ్రహం ఏదీ అన్నారు. కొంత దూరంలో ముగ్గురు సైనికుల విగ్రహం పెట్టడానికి ఒప్పుకున్నారు, 1984లో వచ్చింది. గోడ మాత్రం 1982 నవంబరు 13నే ప్రారంభమైంది, గీసిన డిజైన్ ప్రకారమే.

అప్పుడు ఉన్నవి 57,939 పేర్లు. ఆ తర్వాత కొన్ని చేరాయి. కొత్త పేరును ఆ తేదీకి వీలైనంత దగ్గరగా, ఖాళీ ఉన్న చోట ఇరికించాలి. మన ఊళ్ళో స్మారకం కట్టించేవాళ్ళు ఎక్కువగా మర్చిపోయేది ఈ ఖాళీ జాగానే. 2019లో ప్రారంభమైన ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలో ఒక్కో పేరుకు ఒక్కో గ్రానైట్ పలక, కాబట్టి పేర్ల మధ్య ఇరికించే పని ఉండదు.

[తెర మీద: పేరు పక్కన చిన్న గుర్తు, దగ్గరగా.]

చివరగా ఇది చూడండి. ప్రతి పేరు పక్కనా ఒక గుర్తు. డైమండ్ ఉంటే మరణం ఖాయమైనట్టు. చిన్న క్రాస్ ఉంటే ఆచూకీ తెలియనట్టు. అవశేషాలు దొరికి గుర్తిస్తే, ఆ క్రాస్ మీదే డైమండ్ చెక్కుతారు. అలా మారినవి చాలానే ఉన్నాయి. మనిషి ప్రాణాలతో తిరిగొస్తే క్రాస్ చుట్టూ సున్నా చుట్టాలని కూడా రాసిపెట్టుకున్నారు.

సున్నా ఇంతవరకు ఒక్కటీ చుట్టలేదు.