చేతిరుమాలు

శ్రోతలకు నమస్కారం.

ఇరుగుపొరుగు పిల్లలు నలుగురు కూడి, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద టికెట్ అని రాసుకొచ్చి ఎప్పుడైనా మీ తలుపు తట్టారా? తట్టి ఉంటే, అప్పుడు మీరు ఏం చేశారో గుర్తు తెచ్చుకుంటూ వినండి. ఈ రోజు నా మాటలన్నీ ఆ కాగితం ముక్క గురించే.

మాది ఆరుగురు పిల్లల జట్టు. నాకప్పుడు పదేళ్లు. మేం ఆడుకునే బంతి పగిలిపోయింది. కొత్తది కొనిపెట్టమంటే, ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోలేదు కాబట్టి ఇప్పట్లో కొనేది లేదని ఆరిళ్లలోనూ ఒకటే జవాబు. మాలో అందరికంటే పెద్దది పదమూడేళ్ల పిల్ల. మేమంతా అక్కా అని పిలిచేవాళ్లం. "అడుక్కోవడం దేనికి? ప్రోగ్రాం పెడదాం, టికెట్లు అమ్ముదాం, మన బంతి మనమే కొనుక్కుందాం" అంది.

టికెట్లు అమ్మే పని నాకు అప్పగించారు. ప్రతి టికెట్ మీదా నంబరు వేసి, నోటుపుస్తకం చివరి పేజీలో లెక్క రాసుకుంటూ మూడు రోజులు తిరిగి 23 టికెట్లు అమ్మాను. చాలామంది నవ్వి, నా బుగ్గ మీద తట్టి డబ్బులిచ్చారు. ఒక్క తాతగారు మాత్రం నవ్వలేదు. "ఎంతసేపు ఉంటుంది?" అని అడిగారు. రెండు గంటలన్నాను. "ఏమేం ఉంటాయి?" అన్నారు. డాన్సు, మిమిక్రీ, గారడీ అని వరసగా చెప్పాను. అంతా విని డబ్బులు లెక్కపెట్టి ఇచ్చారు. టికెట్ రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. పెద్దవాళ్లు కొట్టువాడితో మాట్లాడినట్టు ఒక పెద్దమనిషి నాతో మాట్లాడటం అదే మొదటిసారి. ఇంటికి వచ్చేసరికి నాకు భయం పట్టుకుంది. రెండు గంటలని మాట ఇచ్చేశాను. మా దగ్గర రెండు గంటలకు సరిపడా ఏముంది?

అసలు విషయం ఆ భయంలోనే ఉందని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. ఊరికే ఆడుకునే ఆటను మధ్యలో వదిలేసి ఇంటికి పోవచ్చు. టికెట్ అమ్మిన ఆటను వదిలేసి పోవడానికి వీల్లేదు.

ఆ సాయంత్రం ఏం జరిగిందో చెబుతాను. తెర అంటే బట్టలారేసే తాడుకు పిన్నీసులతో గుచ్చిన రెండు దుప్పట్లు. తెర లాగమని అక్క సైగ చేయగానే తాడుతో సహా మొత్తం కిందపడింది. వెనకాల ముఖానికి పౌడరు రాసుకుంటున్న పిల్లలిద్దరూ అలాగే దొరికిపోయారు. సరే, తెర లేకుండానే డాన్సు మొదలైంది. సగంలో టేప్ రికార్డరు గరగరమంది. తెరిచి చూస్తే క్యాసెట్టులోని టేపంతా చక్రాలకు చుట్టుకుపోయి ఉంది. చేతులు పైకెత్తిన భంగిమలో ఇద్దరమ్మాయిలూ నిలబడిపోయారు. వాళ్లలో చిన్నది ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పైకి లెక్కపెడుతూ అడుగులు వేయడం మొదలుపెట్టింది. రెండోది కలిసింది. పాట లేకుండా అంకెల మీద డాన్సు పూర్తి చేశారు. మిమిక్రీ అబ్బాయి ముందుకు వచ్చాడు. నాలుక పిడచకట్టుకుపోయి గొంతు పెగల్లేదు. ఒక్క కుక్క అరుపు మాత్రం అరిచి లోపలికి వెళ్లిపోయాడు.

మిగిలింది గారడీ. ప్రేక్షకుల్లో ఒకరి దగ్గర చేతిరుమాలు తీసుకుని, అందరి ముందూ మధ్యలో కత్తిరించి, మళ్లీ చెక్కుచెదరకుండా చూపించే గారడీ అది. రహస్యం చిన్నదే. గుప్పిట్లో ముందుగా దాచుకున్న గుడ్డముక్కను రుమాలు మధ్యభాగమన్నట్టు పైకి లాగి దాన్ని కత్తిరించాలి. మా గారడీ పిల్లవాడు అద్దం ముందు నిలబడి పాత గుడ్డలతో చాలాసార్లు సరిగ్గానే చేశాడు. నేను కళ్లారా చూశాను. ఆ సాయంత్రం తాతగారు తన రుమాలు ఇచ్చారు. వాడు దాన్ని గుప్పిట్లోకి తోశాడు, పైకి లాగాడు, కత్తెర పెట్టాడు. విప్పి చూపిస్తే మధ్యలో అరచేయంత చిల్లు. దాచిన గుడ్డముక్క వాడి చొక్కా చేతిలోంచి జారి కాళ్ల దగ్గర పడింది.

ఒంటరిగా ఉన్నప్పుడు చేతనైన పని పదిమంది ముందు ఎందుకు చేతకాకుండా పోతుంది? మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1965లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. ఎవరైనా చూస్తుంటే ప్రాణిలో ఉద్రేకం పెరుగుతుంది. ఉద్రేకం పెరిగినప్పుడు బాగా అలవాటైన పని ఇంకా బాగా వస్తుంది, ఇంకా ఒంటబట్టని పని చెడిపోతుంది. 1969లో ఆయన, ఆయన సహచరులు దీన్ని బొద్దింకల మీద కూడా పరీక్షించారు. నేరుగా ఉన్న దారిలో, సాటి బొద్దింకలు చూస్తుండగా అవి మరింత వేగంగా పరుగెత్తాయి. మలుపు తిరగాల్సిన దారి పెడితే మాత్రం, చూసేవాళ్లున్నప్పుడు ఎక్కువసేపు తడబడ్డాయి. అంకెలు లెక్కపెట్టి డాన్సు చేసిన అమ్మాయిలకు ఆ అడుగులు ఏళ్ల తరబడి అలవాటైనవి. గారడీ పిల్లవాడిది మలుపులున్న దారి. మాట్లాడుతూ, నవ్వుతూ, ఒక గుడ్డను దాచి మరో గుడ్డను లాగాలి. వారం రోజుల సాధన దానికి చాలదు. వాడి తప్పేమీ లేదని నాకు అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నేను వాడితో రెండు రోజులు మాట్లాడలేదు.

మొత్తం 25 నిమిషాల్లో అయిపోయింది. 23 మందీ అలాగే కూర్చుని ఉన్నారు. ముందు వరుసలో కూర్చున్న ఆరేళ్ల కుర్రవాడు లేచి, "అయిపోయిందా? అయితే నా డబ్బులు నాకిచ్చేయండి" అన్నాడు. గారడీ పిల్లవాడి అమ్మ తన కొడుకుని లోపలికి తీసుకుపోవడానికి లేచింది. అక్క చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. అందరి ముందుకూ వచ్చి, "మా దగ్గర ఇంక ఏమీ లేదు. రెండు గంటలన్నాం, చేయలేకపోయాం. క్షమించండి" అంది. పదమూడేళ్ల పిల్ల అలా నిలబడి ఆ మాట చెప్పడం కంటే గొప్ప ప్రదర్శన ఆ సాయంత్రం ఇంకేదీ లేదు.

ఆ రాత్రి ఆరుగురం కూర్చుని లెక్క చూశాం. కుర్రవాడి డబ్బు వాడికి తిరిగి ఇవ్వాలన్నాం. రుమాలు ఖరీదు తాతగారికి ఇచ్చేయాలని అక్క అంది. ఎవరం ఎదురు చెప్పలేకపోయాం. మర్నాడు డబ్బు పట్టుకుని వెళ్లాం. ఆయన వద్దంటారని, నవ్వి మమ్మల్ని పంపేస్తారని నేను లోలోపల ఆశపడ్డాను. ఆయన డబ్బు తీసుకున్నారు. లెక్కపెట్టుకుని "సరిపోయింది" అన్నారు. అంతే. వెనక్కి వస్తున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. అంత పెద్దాయనకు ఆ కాస్త డబ్బు ఎందుకనుకున్నాను.

ఇప్పుడు నేనూ పెద్దవాణ్ణయ్యాక ఆ విషయం వేరేగా కనిపిస్తోంది. ఆయన వద్దని ఉంటే, మేం చేసింది చిన్నపిల్లల చేష్టగా మిగిలిపోయేది. తీసుకున్నారు కాబట్టి మా అప్పు తీరింది. మమ్మల్ని అప్పు తీర్చగల మనుషులుగా చూశారాయన.

పిల్లల ఆటలో డబ్బు చొరబడకూడదనే తల్లిదండ్రులున్నారు. వాళ్ల భయానికి ఆధారం లేకపోలేదు. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడం ఇష్టపడే మూడేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లలను పరిశీలించారు. బొమ్మ గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న యోగ్యతా పత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా గీశాక ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, బహుమతి ఆశ చూపించిన పిల్లలు మిగతావాళ్లలో దాదాపు సగం సమయమే బొమ్మల దగ్గర గడిపారు. ఇష్టంగా చేసే పని మీద బహుమతి ఆశ పడితే ఇష్టం వాడిపోతుందని తేలింది.

నేను దీన్ని నమ్ముతాను. నమ్ముతూనే ఒక మాట అంటాను. ఆ పత్రం పెద్దవాళ్లు ఎర చూపించినది. దేనికి బహుమతో వాళ్లే నిర్ణయించారు. మా టికెట్ ధర మేమే పెట్టుకున్నాం. ఎందుకు కావాలో మాకు తెలుసు. బాకీ పడితే తీర్చాల్సింది కూడా మేమే. నాకు దిగులు కలిగించేది పిల్లలు అమ్మే టికెట్ కాదు, దాన్ని తీసుకుపోయి పెద్దవాళ్లు నడిపే పోటీగా మార్చడం. మైకు మనమే తెస్తాం, తెర మనమే కడతాం, మార్కులూ మనమే వేస్తాం. అప్పుడు తాడు తెగదు, టేపు చుట్టుకోదు, రుమాలుకు చిల్లు పడదు. క్షమించండని చెప్పాల్సిన అవసరం ఏ పదమూడేళ్ల పిల్లకూ రాదు. మీ తలుపు తట్టిన పిల్లలకు టికెట్ డబ్బు మాత్రమే ఇవ్వండి, ఎక్కువ ఇవ్వకండి. కుర్చీలో చివరిదాకా కూర్చోండి. మధ్యలో లేచి వాళ్ల తెర సరిచేయకండి.

బంతికి కావలసినదానిలో మాకు సగం కూడా మిగల్లేదు. అందుకని మూడు వారాల తర్వాత మళ్లీ పెట్టాం. నేను మళ్లీ ఇంటింటికీ వెళ్లాను. "ఈసారి ఎంతసేపు?" అని తాతగారు అడిగారు. "అరగంట" అన్నాను. ఆయన డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు. 14 టికెట్లే అమ్ముడుపోయాయి.

తెర నిలబడింది. డాన్సు పాటతోనే సాగింది. గారడీ పిల్లవాడు ముందుకొచ్చి, "ఎవరైనా ఒక చేతిరుమాలు ఇస్తారా?" అని అడిగాడు. ఎవరూ కదల్లేదు. వాడు ఇంకోసారి అడిగాడు. ఈసారి గొంతు వణికింది. తాతగారు కుర్చీలోంచి లేచి, జేబులోంచి రుమాలు తీశారు. మడతలింకా నలగని కొత్త రుమాలు. అది వాడి చేతికిచ్చి, వెనక్కి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు.