లెక్కలు చదివి సంగీతంలోకొచ్చిన థర్‌స్టన్ డార్ట్

అందరికీ నమస్కారం అండీ. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? ఆ, సరే.

ఈసారి మాట్లాడమన్నప్పుడు మీరంతా నేను ఏ త్యాగరాజస్వామి గురించో చెప్తాననుకుని ఉంటారు, నేనేమో ఎక్కడో ఇంగ్లాండ్ ఆయన్ని పట్టుకొచ్చాను. పేరు థర్‌స్టన్ డార్ట్. మ్యూజికాలజిస్ట్. అంటే ఏంటంటారా, పాత రాతప్రతులు ముందేసుకుని ఇది ఎవరు రాశారు, ఏ వాద్యానికి రాశారు, అప్పట్లో దీన్ని ఎలా వాయించేవాళ్ళు అని తవ్వుతూ కూర్చునే పని. చాలామంది తవ్వి ఊరుకుంటారు, ఈయన తవ్విందాన్ని వాయించి చూపించేవారు కూడా. నాకు నచ్చింది అదే.

పుట్టింది 1921లో, లండన్ పక్కన సర్రీలో. చిన్నప్పుడు హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో ఉన్న చర్చి బృందంలో పాడేవారు. తర్వాత రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో కొన్నాళ్ళు కీబోర్డు నేర్చుకున్నారు, నేర్చుకుని వెళ్ళి ఎక్సెటర్‌లో చేరింది దేనికయ్యా అంటే లెక్కలకి! 1942లో డిగ్రీ వచ్చేసరికి యుద్ధం మంచి జోరు మీదుంది, లెక్కలొచ్చినవాణ్ణి వదుల్తారా, వైమానిక దళానికి సంబంధించిన గణాంకాల పనిలో పెట్టారు. 1944లో విమాన ప్రమాదంలో గాయపడి హాస్పిటల్లో పడ్డారు. అక్కడ పరిచయమైన ఇంకో కుర్రాడు వయొలిన్ వాయిస్తాడు, వాడూ సైన్యంలో పనిచేసినవాడే, పేరు నెవిల్ మారినర్. ఈ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తాడు.

యుద్ధం అయిపోయాక లెక్కల వైపు మళ్ళీ వెళ్ళలేదు. బ్రస్సెల్స్ వెళ్ళి చార్లెస్ వాన్ డెన్ బోరెన్ అనే పెద్దాయన దగ్గర శిష్యరికం చేశారు, పాత రాతప్రతులు చదవడం అక్కడ బాగా ఒంటబట్టింది. 1947లో కేంబ్రిడ్జ్‌లో అసిస్టెంట్ లెక్చరర్, 1952లో లెక్చరర్, 1962లో ప్రొఫెసర్. ఈలోపు మ్యూజికా బ్రిటానికా అని ఇంగ్లాండ్ పాత సంగీతాన్నంతా సంపుటాలుగా అచ్చేసే పెద్ద ప్రాజెక్టు ఒకటి మొదలైతే, దానికి సెక్రటరీగా ఏళ్ళ తరబడి చాకిరీ చేశారు. ఉద్యోగాల లిస్టు ఇక్కడికి ఆపేద్దాం, అసలు సంగతికొద్దాం.

1954లో ఆయనో చిన్న పుస్తకం రాశారు, ద ఇంటర్‌ప్రెటేషన్ ఆఫ్ మ్యూజిక్ అని. అందులో గొడవంతా ఏంటంటే, కాగితం మీదున్న నొటేషన్‌ని ఇప్పటి కళ్ళతో చదివితే తప్పు చదువుతాం అని. ఒక ఉదాహరణ చెప్తా. పాత ఫ్రెంచ్ సంగీతంలో వరసగా ఎనిమిది స్వరాలు సమానంగా రాసుంటాయి. రాతలో సమానమే. కానీ వాయించేవాడు మొదటిది కాస్త సాగదీసి, రెండోది కాస్త కుదించి, అలా ఊగుతున్నట్టు వాయించాలి, అది ఆ కాలం వాళ్ళందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా రాసుకోలేదు. రెండొందల ఏళ్ళు పోయాక వచ్చినవాడు ఉన్నదున్నట్టు టకటకా వాయించేసి నేను చాలా నిజాయితీగా వాయించానండీ అంటాడు.

మనకిది కొత్తేం కాదు కదా. కాగితం మీద గ మ ప అని రాసి తోడి గాంధారాన్ని ఎవరైనా కొత్తవాడి చేత పాడించండి చూద్దాం, హార్మోనియం మెట్టు నొక్కినట్టు పాడతాడు. అందుకే సుబ్బరామ దీక్షితులు గారు 1904లో ఎట్టయపురంలో సంగీత సంప్రదాయ ప్రదర్శిని వేసినప్పుడు, అదీ మన తెలుగులోనే వేశారు సుమా, స్వరాల మీద గమకాలకి గుర్తులు కూడా పెట్టారు. డార్ట్‌కి దీక్షితులు గారి సంగతి తెలుసని నేననట్లేదు, ఇద్దరి బాధా ఒకటే అంటున్నాను అంతే.

ఇంకోటి చెప్పాలి, క్లావికార్డ్. డార్ట్‌కి ఇది ప్రాణం. బల్ల మీద పెట్టుకునేంత పెట్టె, మెట్టు నొక్కితే అవతల చిన్న ఇత్తడి ముక్క లేచి తీగని తాకుతుంది, తాకి పియానో సుత్తిలా వెనక్కి పోదు, వేలు తీసేదాకా తీగని అంటుకునే ఉంటుంది. అంటే స్వరం మోగుతున్నంతసేపూ తీగ మీ వేలి కిందే ఉన్నట్టు లెక్క, కొంచెం ఎక్కువ నొక్కితే శ్రుతి కాస్త పైకి పోతుంది, వేలు ఆడిస్తే స్వరం కూడా ఊగుతుంది. వీణ మీద తీగ లాగినంత కాదు, ఆ జాతిదే. చప్పుడు మాత్రం ఎంత తక్కువంటే పక్క గదిలో ఫ్యాన్ తిరిగితే వినపడదు. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఫ్రెంచ్ సూట్లని, అంటే నాట్య బాణీల వరసల్ని, డార్ట్ ఈ వాద్యం మీద రికార్డు చేశారు, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

అలాగని ఆయన చెప్పిందల్లా వేదమా అంటే కాదండి. ఆయన కచేరీల్లో వాయించిన హార్ప్సికార్డులు, అంటే మెట్టు నొక్కితే తీగని మీటే కీబోర్డు వాద్యాలు, థామస్ గాఫ్ చేసినవి, కాలితో నొక్కే పెడల్స్ ఉన్న ఆధునిక తరహావి, పాత కాలం వాద్యాలకీ వాటికీ చాలా తేడా. ఇంత పరిశోధన చేసినాయన కూడా ఉన్న వాద్యంతో సర్దుకున్నారు. ఇంకా, బాఖ్ వాద్యబృందానికి రాసిన ఆరు బ్రాండెన్‌బర్గ్ రచనల్లో నాలుగోదాంట్లో ఉన్న ఎకో ఫ్లూట్లంటే అందరూ అనుకునేవి కావు, ఒక స్థాయి పైన పలికే చిట్టి పిల్లనగ్రోవులు అని వాదించారు. తర్వాతి వాళ్ళు చాలామంది ఒప్పుకోలేదు. నాకూ ఆ కీచుదనం చెవికి ఎక్కదు, కానీ ఊహ మాత్రం ఊరికే చేసింది కాదు.

ప్రొఫెసర్ అయిన రెండేళ్ళకే, 1964లో కేంబ్రిడ్జ్ వదిలేశారు! ఎంతమంది జీవితాంతం ఎదురుచూసే కుర్చీ అది. అక్కడి పాత పద్ధతులతో పొసగక లండన్ కింగ్స్ కాలేజీకొచ్చి సంగీత విభాగాన్ని మొదట్నించీ కట్టుకున్నారు. స్వరకర్త మైకేల్ నైమన్ అక్కడ ఆయన దగ్గర పరిశోధన చేసినవాడే, వాద్యబృందాలు నడిపించే జాన్ ఎలియట్ గార్డినర్ అక్కడే చదివాడు, అలాంటివాడే క్రిస్టఫర్ హాగ్‌వుడ్ అంతకుముందు కేంబ్రిడ్జ్‌లో. డేవిడ్ మన్రో అయితే అసలు సంగీతం స్టూడెంటే కాదు, ఇంగ్లీషు సాహిత్యం చదువుకునే కుర్రాడు, ఫ్రెండ్ గది గోడకి క్రమ్‌హార్న్ అనే వంకర ఊదే వాద్యం వేలాడుతుంటే చూసి మోజు పడ్డాడు, డార్ట్ వాణ్ణి వెనకుండి తోశారు. 1967కల్లా హాగ్‌వుడ్‌తో కలిసి సొంత బృందం పెట్టేశాడు. నీ సబ్జెక్టు నువ్వు చదువుకో ఫో అనేవాళ్ళు ఎంతమంది దొరకరు చెప్పండి.

ఇప్పుడు మారినర్ దగ్గరకొద్దాం. హాస్పిటల్ స్నేహం పాతికేళ్ళు నిలబడింది, మారినర్ అకాడమీ ఆఫ్ సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ బృందం పెడితే డార్ట్ హార్ప్సికార్డ్ వాయించారు. 1971లో ఇద్దరూ కలిసి ఆరు బ్రాండెన్‌బర్గ్‌లూ రికార్డు చేయడానికి కూర్చున్నారు, ప్రతి పంక్తీ డార్ట్ సవరించిందే. అప్పటికి ఒంట్లో క్యాన్సర్. కొన్ని భాగాలే వాయించగలిగారు, మార్చి 6న పోయారు, యాభై కూడా నిండలేదు. మిగతావి రేమండ్ లెప్పర్డ్, జార్జ్ మాల్కమ్ వాయించి పూర్తి చేశారు.

ఆ రికార్డింగే తెచ్చాను. బాబూ, ఆ స్పీకర్ ఆన్ చెయ్యమ్మా, ఫ్యాన్లు కూడా ఒక్క పది నిమిషాలు ఆపేయండి. మూడోది పెడుతున్నా. మధ్యలో ఆగినట్టనిపిస్తే కరెంటు పోయిందనుకోకండి, బాఖ్ అక్కడ రెండే రెండు కార్డ్స్, అంటే ఒకేసారి పలికే స్వరాల గుత్తులు, రాసి వదిలేశాడు. ఆ రెండింటి మధ్య వీళ్ళేం చేశారో వినండి.