చివరిసారి ఎప్పుడు తాగావు?
(కర్నూలులో డాక్టర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు నమస్కారం. పేరుపేరునా చెప్తూ పోతే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే అయిపోతాయి, ఏమనుకోకండి. వ్యసనాల వైద్యంలో డాక్టర్లకు శిక్షణ గురించి మాట్లాడమన్నారు. స్లైడ్లు కూడా చేసుకొచ్చాను. కానీ పొద్దున బస్సులో వస్తుంటే ఒక మనిషి గుర్తొచ్చాడు, ఇక వదల్లేదు.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పటి మాట. ఏ ఆసుపత్రో అడగొద్దు. ఆదోని వైపు పత్తి రైతు, తొడ ఎముక విరిగి చేరాడు. రెండో రోజు చేతులు వణికితే నొప్పికేలే అనుకున్నాను. మూడో రాత్రి దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని ఒక్కొక్కటే ఏరి కింద పడేస్తున్నాడు. చీమల్లేవు, ఏమీ లేవు. బ్యాండేజీ గుడ్డతో చేతులు మంచానికి కట్టించి గ్లూకోజ్ పెట్టించింది నేనే. తెల్లారేసరికి పోయాడు. "కాలు విరిగితే మనిషి పోతాడా సార్" అని అడిగింది ఆయన భార్య.

చేరిన రోజే ఆమె చెప్పింది, "పొద్దున లేస్తూనే మందు పడాల సార్ ఈయనకు" అని. "అవన్నీ ఇప్పుడెందుకమ్మా, బయట కూర్చో" అన్నాను.

తాగుడు ఆగిన ఆరేడు గంటలకే వణుకు మొదలవుతుంది, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేని చీమలు, పాములు కనబడతాయి. వణుకునీ ఫిట్స్‌నీ ఆపే క్లోర్‌డయజెపాక్సైడ్ లాంటి మాత్ర సమయానికి పడాలి, గ్లూకోజ్ కన్నా ముందు థయమిన్, అంటే బి1 విటమిన్, వెళ్లాలి. ఇదంతా నేను పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. మంచం పక్కన నిలబడి, తిట్టకుండా, "చివరిసారి ఎప్పుడు తాగావు" అని అడగడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

మద్యం సమస్యకు సాయం కావాల్సినవాళ్లు దేశంలో 5.7 కోట్ల మంది అని 2019లో కేంద్రమే సర్వే బయటపెట్టింది. ఏడాది హౌస్ సర్జన్సీలో సైకియాట్రీకి ఇచ్చేది 2 వారాలు. అందులోనూ సగం మంది పీజీ ఎంట్రన్స్‌కి చదువుకుంటుంటారు. నవ్వకండి, మీరూ అదే చేశారు.

ఇంకొకటి. డైసల్ఫిరామ్ అని, వేసుకున్నాక తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర ఉంది. భర్తకు తెలియకుండా సాంబార్లో కలపమని భార్యకు దాన్ని రాసిచ్చేవాళ్లు ఈ హాల్లో ఉన్నారా? చేతులెత్తొద్దులెండి. ఆయన ఆ రాత్రి క్వార్టర్ వేస్తే వాంతులు పట్టుకుని, బీపీ పడిపోతే ఎవరిది బాధ్యత? చెప్పి ఇవ్వాల్సిన మాత్ర అది.

మనమేమో రోగికి చీటీ రాసి, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు పొమ్మంటాం. ఆయన బస్టాండు కూడా దాటడు. అందుకే ఈ శిక్షణ సైకియాట్రీ వాళ్లకొక్కరికే వదలకండి, ఎముకల వార్డులో, సర్జరీ వార్డులో, పీహెచ్‌సీలో జరగాలి. తాగుడు ఏ స్థాయిలో ఉందో తెలుసుకునే 'ఆడిట్' (AUDIT) ప్రశ్నలు పదే, ఓపీలో ఐదు నిమిషాల పని.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. స్లైడ్లు పెన్‌డ్రైవ్‌లో నిర్వాహకుల దగ్గరున్నాయి. మోతాదుల పట్టిక తొమ్మిదో స్లైడ్‌లో ఉంది, ఫోన్లో ఫొటో తీసుకోండి.