మోషన్ గ్రాఫిక్స్ స్టూడియో విజిట్ రివ్యూ: డిజైన్ స్టూడెంట్‌కి పనికొస్తుందా?

అందరికీ నమస్కారం. ఇవాళ రివ్యూ చేస్తున్నది ఒక స్టూడియో విజిట్‌ని. మాదాపూర్‌లో మోషన్ గ్రాఫిక్స్ స్టూడియో, అంటే అక్షరాలకీ బొమ్మలకీ కదలిక ఇచ్చే చోటు. న్యూస్ ఛానెళ్ల ప్యాకేజింగ్ (తెర మీద వచ్చే టైటిళ్లు, గ్రాఫిక్స్), లిరికల్ వీడియోలు (పాట సాహిత్యం తెర మీద కదిలేవి), యాప్ యానిమేషన్లు చేస్తారు. పేరు చెప్పను. స్క్రీన్ల మీద ఇంకా బయటికి రాని క్లయింట్ల పని ఉంది, లోపల కెమెరా తీయొద్దని ముందే చెప్పారు. ఈ వీడియోలో మీకు కనిపిస్తున్న డెమోలన్నీ నేను ఇంటికొచ్చి చేసుకున్నవే.

తీర్పు ముందే చెప్పేస్తా. ఆఫ్టర్ ఎఫెక్ట్స్, అంటే ఈ యానిమేషన్ చేసే సాఫ్ట్‌వేర్, నేర్చుకుందామని అయితే వెళ్లకండి. కీఫ్రేములు (కదలిక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో పెట్టే గుర్తులు), ఆ కదలిక వేగాన్ని దిద్దే గ్రాఫ్ ఎడిటర్, ఎఫ్9 నొక్కితే కదలికని మెత్తగా చేసే ఈజీ ఈజ్, ఇవన్నీ యూట్యూబ్‌లో దొరుకుతాయి. తెలుగు అక్షరాన్ని ఎలా కదిలిస్తారో చూడటానికి వెళ్లండి. అది ఇంగ్లీష్ ట్యుటోరియల్స్‌లో ఎక్కడా ఉండదు.

నేను ఎక్కువసేపు కూర్చున్నది లిరికల్ వీడియో చేస్తున్న అన్న పక్కనే. 'స్త్రీ' అని టైప్ చేసి చూపించాడు. మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం 6 ముక్కలు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో అక్షరాలని పేర్చే టెక్స్ట్ ఇంజిన్ లాటిన్‌ది, అంటే ఇంగ్లీష్ లాంటి లిపులదే అయితే ఈ ముక్కలు కలవవు, ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. మన లిపులకి పనికొచ్చే ఇంజిన్ వాడితే అక్షరం బుద్ధిగా కూర్చుంటుంది. అయినా అక్షరం అక్షరం విడిగా ఎగరాలంటే ఈ అన్న సాఫ్ట్‌వేర్‌ని నమ్మడు. ఇల్లస్ట్రేటర్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో అవుట్‌లైన్స్ చేసి, అంటే అక్షరాలని గీతల బొమ్మలుగా మార్చి, ఏ ఒత్తు ఏ అక్షరానిదో చూసుకుంటూ చేత్తో గ్రూప్ చేస్తాడు. పాట మొత్తానికీ ఇదే పని! "ఇక్కడ సగం టైమ్ పోతుంది తమ్ముడూ, కదిలించడం ఎంతసేపు" అన్నాడు.

ఇంకో సంగతి. కొనుక్కున్న టెంప్లేట్లు ఇంగ్లీష్‌ కోసం చేసినవి కదా, అక్షరం కింద నుంచి పైకి తేలేలా మాస్క్ (దాని లోపలున్నదే కనపడేలా చేసే హద్దు) పెడతారు. అందులో తెలుగు వేస్తే మాస్క్ అంచు దగ్గర ఒత్తులు తెగిపోతాయి. మీరు టీవీలో గమనించే ఉంటారు, స్క్రోలింగ్‌లో రావొత్తు కింద సగం కనపడదు. వీళ్లు మాస్క్‌ని కిందికి పెంచుతారు, రెండు లైన్ల మధ్య ఖాళీ కూడా ఎక్కువ ఇస్తారు. చూడటానికి చిన్న పని, కానీ నాకు తెలిసిన ఏ కాలేజీ సిలబస్‌లోనూ లేదు.

అనూ ఫాంట్స్ గోల సరేసరి. అవి డీటీపీలో వాడే పాతకాలం తెలుగు ఫాంట్లు, ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌లో వాడే యూనికోడ్ పద్ధతికి పొసగవు. క్లయింట్ పంపిన మ్యాటర్ అనూలో ఉంటే, యూనికోడ్ ఫాంట్‌లో పేస్ట్ చేయగానే పిచ్చి గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌లో వేశాక కూడా ఒకరు కూర్చుని చదవాలి. ఆ చదివే మనిషికి తెలుగు బాగా వచ్చి ఉండాలి, డిజైన్ రాకపోయినా పర్లేదు.

ఫ్రేమ్ రేట్ గురించి ఒక్క మాట. అంటే సెకనుకి ఎన్ని బొమ్మలు (ఫ్రేములు) ఆడతాయన్నది. ఛానెల్ పని 25లో, సినిమా టైటిల్ 24లో. 24లో చేసిన నిమిషం వీడియోలో 1440 ఫ్రేములుంటాయి. వాటినే 25లో ఆడిస్తే 57.6 సెకన్లకే అయిపోతుంది, మ్యూజిక్ బీట్ ఒక దారి, బొమ్మ ఒక దారి. అందుకే ప్రాజెక్ట్ తెరవకముందే ఇది ఎక్కడ ఆడుతుందని అడుగుతారు.

స్టైల్ ఫ్రేములు (వీడియో ఎలా ఉండబోతుందో చూపే కదలని నమూనా బొమ్మలు), యానిమాటిక్ (టైమింగ్ చూసుకోవడానికి చేసే కచ్చా వీడియో), రివ్యూ మీటింగ్ ఇవన్నీ మనం క్లాసులో చదివినట్టే ఉన్నాయి. తేడా ఏంటంటే స్టైల్ ఫ్రేమ్‌కి క్లయింట్ ఓకే అనేదాకా ఎవరూ ఒక్క కీఫ్రేమ్ కూడా పెట్టరు. మనం సరిగ్గా దీనికి ఉల్టా చేస్తాం.

ఇక నచ్చనివి. కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఉండరు, డెడ్‌లైన్ టెన్షన్‌లో మీ ప్రశ్నకి సమాధానం సగంలో ఆగిపోతుంది. త్రీడీ వైపు సినిమా 4డీ, హౌడినీ అనే సాఫ్ట్‌వేర్ల స్క్రీన్లు చూస్తే నోరెళ్లబెడతాం కానీ పక్కన నిలబడితే వచ్చేది ఏమీ లేదు. పైగా సాయంత్రం రెండర్లు పెట్టాక, అంటే చేసిన పనిని కంప్యూటర్ ఫైనల్ వీడియోగా తయారుచేస్తుంటే, చూడటానికి ప్రోగ్రెస్ బార్ తప్ప ఏముంటుంది? ఉదయమే వెళ్లండి.

ఫస్ట్ ఇయర్ వాళ్లయితే తొందరపడకండి. కనీసం ఒక లిరికల్ వీడియో సొంతంగా చేసి, ఎక్కడ ఇరుక్కున్నారో రాసుకున్నాక వెళ్తే అడగడానికి ప్రశ్నలుంటాయి. వెళ్లాలంటే ముందు మెయిల్ పెట్టండి, రెండు మూడు లైన్లు చాలు, పోర్ట్‌ఫోలియో లింక్ మాత్రం తప్పకుండా ఉండాలి. పండగ ముందు వారాల్లో అడగొద్దు, సినిమా రిలీజులూ యాడ్లూ అన్నీ అప్పుడే మీద పడతాయి.