తడి ఆరేలోగా గింజ

శ్రోతలకు నమస్కారం.

ఆలూరు, కోయిలకుంట్ల వైపు నల్లరేగడి చేలలో పప్పుశనగ పూత మీదుంది. పొద్దున్నే చేలో నడిస్తే పంచె అంచు తడిసిపోతుంది. ఆ తడిని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే పుల్లగా ఉంటుంది. ఆకు మీది నూగులోంచి ఊరే మాలిక్ ఆమ్లం అది. వానలకు రేగడి తాగి దాచుకున్న తేమే ఈ పంటకు ఆధారం. నేల నెర్రెలు విచ్చేలోగా పూత పూసి, కాయ కట్టి, గింజ నిండాలి.

అందుకే చెట్టు ఏపుగా ఉందని మురిసిపోకండి. ఉన్న తేమంతా కొమ్మలకూ ఆకులకూ ఖర్చుపెట్టిన మొక్కకు గింజ నింపే వేళకు ఏమీ మిగలదు. నాలుగు మొక్కలు పీకి చూడండి. కాయలెన్ని, అందులో తాలు ఎన్ని, మొక్క బరువులో గింజ వాటా ఎంత? దిగుబడి అక్కడ తెలుస్తుంది. వంద గింజల బరువు రకాన్నిబట్టి చాలావరకు నిలకడగా వస్తుంది. కాయల లెక్క అలా కాదు, ఏటికేడు, చేనుచేనుకూ మారుతుంది. ఒక్క ఏడాది చూసి ఏ రకాన్నీ మెచ్చకూడదని అనేది ఇందుకే.

1999లో విడుదలైన జేజీ-11 శనగ రకం మనకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. పాత అన్నిగేరి రకాన్ని పక్కకు నెట్టింది, ఎండు తెగులును తట్టుకుంది. కానీ ఊళ్లకు ఊళ్లు ఒకే రకం వేస్తే ఒక చేనుకొచ్చిన కష్టం అన్ని చేలకూ వస్తుంది. నాకున్న బెంగ అదే.

పైగా శనగలో కొత్తదనం దానంతటది రావడం అరుదు. పువ్వు విచ్చకముందే సొంత పుప్పొడితో పని అయిపోతుంది. తేడా కావాలంటే మనిషి పూనుకోవాలి. గోరంత కూడా లేని మొగ్గను పట్టకారుతో విప్పి, పది కేసరాలనూ తీసేసి, పుప్పొడిని అందుకునే కీలాగ్రానికి దెబ్బ తగలకుండా ఇంకో రకం పుప్పొడి అద్దాలి. అద్దిన మొగ్గల్లో చాలావరకు రాలిపోతాయి. నిలిచిన కాయలో ఒకటో రెండో గింజలు!

ఇంత ఓపికతోనే, లోతుగా వేరు పోయే ఐసీసీ 4958 రకం నుంచి కరువును తట్టుకునే జన్యుభాగాన్ని ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు డీఎన్ఏ గుర్తుల సాయంతో జేజీ-11లోకి తెచ్చారు. నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన ధీర రకం నిటారుగా పెరిగి, కాయలు పైన కట్టి, కోత మిషన్‌కు అందుతుంది.

ఈసారి మీ చేలో మిగతావాటికంటే ముందు పూసిన మొక్క కనబడితే దారం కట్టి గుర్తు పెట్టండి. దాని గింజలు విడిగా ఒక కవర్లో పోసి, పరిశోధన స్థానంలో చూపించండి.